ముప్పై ఒక్క జనవరి ఒకటో తేదీలు

"అక్కా, పడవల కాంట్రాక్టరు పోయాడా, ఉన్నాడా? ఏదో ఒకటి తేల్చి చెప్పు" అంది ఫోనులో ఆపరేటరమ్మ.

టేపక్క అప్పుడే తాళం తీసి, చెప్పులు మూలకు నెట్టి, కుర్చీలో కూర్చోబోతోంది. ఆ గొంతు వినగానే సగం కూర్చున్నది కాస్తా మళ్ళీ లేచి నిలబడింది. ఆపరేటరమ్మ ఊరికే ఫోను చేసే మనిషి కాదు. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా రోజూ వందల ఫోన్లు కలిపే ఉద్యోగం ఆమెది. ఇంటికొస్తే ఫోను ముఖం చూడబుద్ధి కాదంటుంది. పుట్టుకతో చూపు లేకపోయినా "ముఖం చూడబుద్ధి కాదు" అనే అంటుంది.

"నింపాదిగా చెప్పు. ఏమైంది?"

"ఏమవ్వాలి? పద్దెనిమిదో భాగంలో ఆయన పోయాడు. ఊరంతా ఏడ్చింది. సిగ్గు విడిచి చెప్తున్నా, నేనూ ఏడ్చాను. ముక్కు తుడుచుకుని పందొమ్మిది పెట్టుకుంటే, పెద్దమనిషి పొద్దున్నే లేచి అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఇరవైలో కూతురికి పిల్ల పుట్టింది. ఇరవై ఒకటిలో ఆ కూతురికే సంబంధాలు చూస్తున్నారు. నాకు మతి పోతోందో, మీకు పోయిందో తెలియడం లేదు."

"నేను చూసి చెప్తాను" అని ఫోను పెట్టేసింది టేపక్క.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి, రికార్డు చేసి పంపే సంస్థ అది. ఉన్నవి రెండే గదులు, మధ్యలో పెద్ద అద్దం. అద్దానికి అటు పక్క చదివేవాళ్ళు, ఇటు పక్క టేపక్క. ఇరవై రెండేళ్ళ క్రితం, ఇంకా టేపులు తిరుగుతున్న రోజుల్లో చేరింది కాబట్టి ఆ పేరు పడింది. టేపులు పోయాయి, పేరు మిగిలింది. టేపుల తర్వాత ఎవరో దానంగా ఇచ్చిన ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు వచ్చింది. ముసలిదే అయినా మొండిది. ఇంటర్నెట్ లేదు, రికార్డింగు తప్ప ఇంకో పని చేయదు.

పడవ నవల అని అందరూ పిలిచే ఆ పుస్తకం ఏడు నెలలుగా సాగుతోంది. చదివేది అనౌన్సరు గారు. ముప్పై నాలుగేళ్ళు రైల్వే స్టేషన్లో వచ్చే బండ్లు, పోయే బండ్లు చెప్పి రిటైరైన మనిషి. వారానికి రెండుసార్లు, గడియారం పెట్టినట్టు అరగంట చదివేవాడు. ఒక్కటే షరతు: భాగం నంబరు మాత్రం చదవడు. "నా జన్మకు సరిపడా నంబర్లు చదివేశానమ్మాయ్, ఇక నా వల్ల కాదు" అనేవాడు. అందుకని నంబర్లు వేసే పని కంప్యూటరు మీద పడింది. ఏ ఫైలు ఏ తేదీన, ఎన్ని గంటలకు తయారైందో చూసి అదే వరసలో పేరుస్తుంది. మొదటి పద్నాలుగు భాగాలూ ఒక మెమరీ కార్డులో ఎక్కించి శ్రోతలకు పంపారు. మిగతా ముప్పై ఒకటీ కిందటి వారమే ఇంకో కార్డులో వెళ్ళాయి.

టేపక్క కంప్యూటరు ఆన్ చేసింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. అలవాటుగా ఎఫ్ వన్ నొక్కింది. తెర వెలిగింది. కుడిచేతి కింద మూలన ఉన్న తేదీని చాలా రోజుల తర్వాత పనిగట్టుకుని చూసింది. రెండు వేల రెండు, జనవరి ఒకటి, అర్ధరాత్రి దాటి మూడు నిమిషాలు. కిటికీలోంచి పొద్దుటి ఎండ బల్ల మీద పడుతోంది.

ఫైళ్ళు తెరిచింది. ముప్పై ఒకటీ జనవరి ఒకటో తేదీనే పుట్టాయి.

ఇలాంటివాటికి ఆమెకు దిక్కు బావే. అక్క మొగుడు. కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. ఫోను ఎత్తగానే ఎకసెక్కం మొదలుపెడతాడు, పని మాత్రం చేసిపెడతాడు.

"బావా, మా కంప్యూటర్లో టైము తప్పు చూపిస్తోంది."

"ఎంత తప్పు?"

"ఓ ఇరవై ఏళ్ళ పైచిలుకు."

"మరింకేం మరదలా! నీ వయసూ అంత తగ్గినట్టే. ముట్టుకోకుండా అలాగే ఉంచు."

"పరాచికాలు సాయంత్రం ఆడదాం. నా పీకల మీదకి వచ్చింది ఇక్కడ."

బావ గొంతు మార్చాడు. "ఆన్ చేయగానే నల్ల తెర మీద ఏమైనా రాసి వస్తోందా?"

"వస్తుంది. చివర్లో ఎఫ్ వన్ నొక్కమంటుంది. నొక్కుతాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదు నెలలు ఉంటుందేమో. అది దాని పలకరింపు అనుకున్నాను."

"పలకరింపా? లోపల బ్యాటరీ చచ్చింది, టైము మర్చిపోతున్నాను మొర్రో అని రోజూ నీ ముందు నెత్తీ నోరూ బాదుకుంటోంది. ఐదు నెలల క్రితం ఏం చేశారు?"

టేపక్కకు గుర్తొచ్చింది. పక్క గదిలో వైర్లు మాడితే ఎలక్ట్రీషియన్ వచ్చి బాగుచేసి, ఇకనుంచి సాయంత్రం వెళ్ళేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్ళమన్నాడు. ఆ రోజు నుంచీ ఆపేస్తోంది.

"అదీ సంగతి. బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. గోడలోంచి కరెంటు వస్తున్నన్నాళ్ళూ గడియారం నడిచింది. నువ్వు మెయిన్ ఆపేసరికి దానికి ఊపిరి అందలేదు. రోజూ పొద్దున్న కొత్తగా పుడుతోంది పాపం. సందు చివర వాచీల షాపుకి వెళ్ళి, చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దగా గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, 2032 అని రాసి ఉండాలి, పట్టుకురా."

వాచీల షాపాయన కంటికి భూతద్దం తగిలించుకునే బ్యాటరీ తీసి చేతిలో పెట్టాడు. టేపక్క దాన్ని తిప్పి చూసి, "అంటే రెండు వేల ముప్పై రెండు దాకా వస్తుందాండీ?" అని అడిగింది.

"అది సైజు నంబరమ్మా, ఆయుష్షు కాదు" అన్నాడాయన తల ఎత్తకుండా.

తిరిగొచ్చి ఫోను స్పీకర్లో పెట్టింది. బావ చెప్తుంటే ఒక్కొక్కటీ చేసింది. కంప్యూటరు ఆపి, వైరు ఊడదీసింది. వైరు లేకుండానే ఆన్ చేసే మీట ఒకసారి గట్టిగా నొక్కి పట్టుకుంది, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. పక్క రేకు స్క్రూలు రెండూ తీసింది. రేకు ఊడి రాగానే గుప్పుమని దుమ్ము. తుమ్మింది.

"ముందు ఆ ఇనప డబ్బాను చేత్తో ముట్టుకో. ఒంట్లో కరెంటేమైనా ఉంటే దానికి పోతుంది. ఇప్పుడు అడుగున పచ్చటి బోర్డు మీద బొత్తాం కనిపించిందా?"

"కనిపించింది. మెరుస్తోంది."

"పక్కన చిన్న రేకు నొక్కు ఉంటుంది. గోటితో పక్కకు నెట్టు. అదే పైకి లేస్తుంది. ఏ వైపు పైకుందో చూసుకో."

"ప్లస్ గుర్తు పైకుంది."

"కొత్తదీ అలాగే కూర్చోబెట్టు. టక్కుమనాలి."

టక్కుమంది. ఆ చప్పుడుకి ఆమెకు పిల్లల పాల పన్ను ఊడినంత సంబరం కలిగింది. రేకు బిగించి, వైరు పెట్టి, ఆన్ చేస్తూనే బావ చెప్పినట్టు డిలీట్ మీట టకటకా కొట్టింది. నీలం తెర వచ్చింది. తన చేతి వాచీ చూసుకుంటూ సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం ఒక్కొక్కటే దిద్దింది. ఎఫ్ టెన్ నొక్కి భద్రం చేసింది. నమ్మకం చాలక మెయిన్ ఆపేసి, పావుగంట టీ తాగి వచ్చి మళ్ళీ వేసింది. నల్ల తెర పలకరింపు లేదు. గడియారం ఆమె చేతి వాచీతో పాటే నడుస్తోంది.

"చూశావా, నేను చేస్తే పేలిపోలేదు" అంది.

"పేలితే మీ అక్క నన్ను బతకనిచ్చేదా!" అని పెట్టేశాడు బావ.

గడియారం కుదుటపడింది గానీ పాత ఫైళ్ళ సంగతి అలాగే ఉంది. ముప్పై ఒక్క అరగంటలు, అన్నింటి మీదా జనవరి ఒకటి. వరస ఎలా వచ్చిందా అని చూస్తే, ఏ రోజు కంప్యూటరు వేశాక ఎంతసేపటికి అనౌన్సరు గారు వచ్చారో ఆ లెక్కన వచ్చింది. త్వరగా వచ్చిన రోజులన్నీ ముందు, వానకు ఆలస్యమైన రోజులన్నీ వెనక. పెద్ద చిక్కేమీ కాదులే అనుకుంది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఒక్కో ఫైలు మొదలు విని, పేజీ నంబరు వేసుకుంటూ పోతే రెండు రోజుల పని.

అనౌన్సరు గారు రాగానే అడిగింది. "బాబాయ్, పుస్తకం ఒక రెండ్రోజులు నాకు ఇచ్చి వెళ్ళండి."

ఆయన సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఎందుకమ్మాయ్?"

చెప్పింది. ఆయన విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ రోజు పుస్తకం తేలేదు, గొంతు బాగోలేక చదవను అని చెప్పడానికే వచ్చాను అన్నాడు. గొంతు మాత్రం గంటలా మోగుతోంది. మర్నాడు ఫోను చేస్తే పుస్తకం ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నాడు. ఆ మర్నాడు ఫోను ఎత్తలేదు.

మూడో రోజు టేపక్క ఆయన ఇంటికే వెళ్ళింది. రెండో అంతస్తులో ఒంటరి వాటా. తలుపు తీసి, లోపలికి దారి ఇచ్చాడు. పుస్తకం ఎక్కడికీ పోలేదు, బల్ల మీద న్యూస్‌పేపరు అట్టలో భద్రంగా ఉంది. టేపక్క తీసి చివరి పేజీ తిప్పింది. మూడు వందల పన్నెండు. ఆ పేజీ అడుగున వాక్యం ఇలా ఉంది: "ఆమె తలుపు తీసి చూసేసరికి". తర్వాత అట్టే. దారాలు వేలాడుతున్నాయి. ముందున్న విషయసూచికలో పుస్తకం ఐదు వందల నలభై దాకా ఉంది.

"మిగతా పేజీలేవి బాబాయ్?"

"నేను కొన్నప్పుడే లేవు. పాత పుస్తకాల షాపులో చూసుకోకుండా కొన్నాను. అక్కడిదాకా వచ్చాకే తెలిసింది."

"మరి ఆ తర్వాత ఇన్నాళ్ళూ చదివింది?"

ఆయన కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. "పొద్దున నడకకి పోయినప్పుడు ఆలోచించుకునేవాణ్ణి. వచ్చి చెప్పేవాణ్ణి. మధ్యమధ్య పేజీ తిప్పిన చప్పుడు చేసేవాణ్ణి."

టేపక్క మంచం అంచున కూలబడింది. కోపం వచ్చిన మాట నిజమే. కానీ అది ఆయన మీద పూర్తిగా నిలవలేదు. ఇరవైకి పైగా అరగంటలు ఈయన పుస్తకంలో లేని కథ చెప్తుంటే, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అద్దానికి ఇవతల కూర్చున్నది తనే కదా. గొంతు ఎక్కువైందా, తక్కువైందా, ఊపిరి చప్పుడు పడుతోందా అని పైకీ కిందకీ కదిలే పచ్చ గీతలు చూసింది. ఒక్క మాట వినలేదు. ఇన్నేళ్ళలో తన చేతుల మీదుగా వెళ్ళిన పుస్తకాల్లో ఎన్నింటి కథ చెప్పగలదు?

"ఆ ఆపరేటరమ్మ వారం వారం డ్యూటీలోంచే నాకు ఫోను చేసేది" అన్నాడాయన. "తర్వాత ఏమైందండీ, కార్డు ఎప్పుడొస్తుందండీ అని. ముప్పై నాలుగేళ్ళు మైకులో మాట్లాడానమ్మాయ్. బండి ఎన్ని గంటలకు అని అడిగారు గానీ తర్వాత ఏమైందని నన్ను ఎవరూ అడగలేదు. పుస్తకం అయిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు."

"అయితే వరస మీకే తెలియాలి. మీ కథే కదా."

"అక్కడే వచ్చింది చిక్కు. కొన్నాళ్ళు వెనక్కి వెళ్ళి చెప్పాను, కొన్నాళ్ళు ముందుకి. ఒకసారి కాంట్రాక్టర్ని చంపి, మనసొప్పక అతని చిన్నతనం చెప్పాను. ఏది ముందో ఏది వెనకో నాకే గుర్తులేదు."

టేపక్క మంచం మీంచి లేచింది. "ఆదివారం ఆపరేటరమ్మకి సెలవు. ఆఫీసుకి రమ్మంటాను. మీరే చెప్పాలి."

ఆదివారం ఆమె వచ్చింది. చేతికర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుని, మంచినీళ్ళు తాగి కూర్చుంది. అనౌన్సరు గారు స్టేషన్లో బండి రద్దయిందని చెప్పినట్టు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాడు. క్షమించమన్నాడు.

ఆపరేటరమ్మ గ్లాసు అంచు మీద వేలు తిప్పింది.

"అందుకేనా, పడవ నవలలో సగం నుంచి అందరూ రైళ్ళెక్కడం మొదలుపెట్టారు?" అంది.

టేపక్కకు నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. ఆపరేటరమ్మ నవ్వడం లేదు.

"అనౌన్సరు గారూ, చూపున్నవాళ్ళకి పుస్తకం చేతిలో ఉంటుంది. పేజీలు లేకపోతే లేవని వాళ్ళకి తెలుస్తుంది. నాకు మీరు చెప్తేనే తెలుస్తుంది. నాకు చెప్పి ఉండాల్సింది."

"చెప్పి ఉండాల్సింది" అన్నాడాయన.

"కథ బాగోలేదని కాదు. బాగుంది కాబట్టే ఇంకా కోపం."

"అవునమ్మా."

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "సరే, కోపం ఎక్కడికీ పోదు, ఉంటుంది. ముందు వరస పెడదాం. అక్కా, మొదటిది వేయి."

బ్యాగులోంచి బ్రెయిలీ పలక, సూది, మందపాటి కాగితం ముక్కలు తీసింది. ఒక్కో ఫైలు రెండు మూడు నిమిషాలు వినడం, ఒక ముక్క మీద సూదితో చుక్కల అక్షరాలు పొడవడం, బల్ల మీద పెట్టడం. పక్కన నోట్‌బుక్కులో టేపక్క కూడా రాసుకుంది. ఆపరేటరమ్మ చెవులకు కథ ఒక్కటే కాదు, ఇంకా చాలా వినిపించాయి.

"ఇక్కడ మీకు జలుబు. ఇవి మూడూ ఒకే జలుబు. మొదటి దాంట్లో ముక్కు బిగిసింది, మూడో దాంట్లో దగ్గు దిగింది. ఈ వరసలో పెట్టు."

"ఇక్కడ వెనకాల ఫ్యాను కిర్రుమంటోంది. దీంట్లో లేదు. ఎప్పుడు మార్చారు?"

టేపక్క ఆఫీసు ఖర్చుల పుస్తకం తిప్పి చెప్పింది. ఎండలు మొదలైన వారం.

"ఇక్కడి నుంచి 'స' పలికితే ఈల వస్తోంది. ముందు పన్ను పీకించారా?"

అనౌన్సరు గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "పీకించలేదు. దానంతట అదే పడిపోయింది."

"ఇక్కడ ఈల తగ్గింది. కొత్తది కట్టించారు."

"అది ఎవరికీ తెలియదనుకున్నానే" అన్నాడాయన దిగులుగా. ఈసారి ముగ్గురూ నవ్వారు.

సాయంత్రానికి పదిహేడు తేలాయి. మిగతావాటికి చెవి చాలలేదు, కథే వినాల్సి వచ్చింది. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చున్నారు. ఈలోగా వారమంతా టేపక్క మిగిలిన ఆ పద్నాలుగూ మొదటి నుంచి చివరిదాకా విన్నది. పచ్చ గీతల మీద గుడ్డ కప్పి విన్నది. కాంట్రాక్టరు చిన్న కూతురు తండ్రి మీద అలిగి, చెప్పకుండా రైలెక్కి, మూడో స్టేషన్లోనే దిగిపోయి, బెంచీ మీద కూర్చుని వెనక్కి వెళ్ళే బండి కోసం ఎదురుచూసే చోట వింటూ కూర్చుని టేపక్క ఇంటికెళ్ళే బస్సు పోగొట్టుకుంది. ఇంకో బస్సు కోసం ముప్పావుగంట నిలబడాల్సి వచ్చినా బాధపడలేదు. రెండో ఆదివారం మధ్యాహ్నానికి కాగితం ముక్కలన్నీ బల్ల మీద ఒకే వరసలోకి వచ్చాయి. ఒక్క ముక్క దగ్గర మాత్రం ఆడవాళ్ళిద్దరికీ మాట కలవలేదు. పిల్ల పుట్టాక ఉత్తరం వచ్చిందని ఒకరు, ముందే వచ్చిందని ఒకరు. అనౌన్సరు గారిని అడిగితే, "ఎలా పెట్టినా నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని కేకలేశారు.

మూడు వందల పన్నెండో పేజీ అయిపోయే చోట ఒక మాట రికార్డు చేయాలని ఆపరేటరమ్మ పట్టుబట్టింది. ఆయన అద్దానికి అటు పక్క కూర్చున్నాడు. అంత మైకు అలవాటున్న మనిషి నాలుగుసార్లు తడబడ్డాడు. ఐదోసారి చెప్పగలిగాడు: "నా దగ్గరున్న పుస్తకం ఇక్కడితో ఆగిపోయింది. మిగతా పేజీలు లేవు. ఇక్కడి నుంచి వినేది నేను కల్పించి చెప్పింది. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడ ఆపేయవచ్చు."

కొత్త కార్డులు, క్షమాపణ చెప్తూ ఒక ఉత్తరంతో సహా, శ్రోతలందరికీ వెళ్ళాయి. అసలు పుస్తకం పూర్తి ప్రతి కోసం టేపక్క నాలుగు లైబ్రరీలకు ఉత్తరాలు రాసింది. ఒక శ్రోత కార్డు వెనక్కి పంపేశాడు. పుస్తకమంటే పుస్తకమే, మీ సొంత పైత్యం నాకెందుకు అని ఫోనులో గట్టిగానే తిట్టాడు. టేపక్క ఆయన మాట కాదనలేదు. పూర్తి ప్రతి దొరగ్గానే ముందు మీకే పంపిస్తాం అంది. మిగతావాళ్ళు చాలామంది అడిగింది ఒకటే: ఆ చిన్న కూతురు ఇంటికి చేరిందా?

ఆ సంగతి అనౌన్సరు గారు ఇంకా కల్పించలేదు. మంగళవారం సంచి లేకుండా, చేతులు ఊపుకుంటూ వచ్చాడు. కొత్తగా పరీక్ష రాయబోయేవాడిలా మూడుసార్లు నీళ్ళు తాగాడు. టేపక్క హెడ్‌ఫోన్లు సర్దుకుని చెయ్యి ఊపింది. ఆయన మొదలుపెట్టాడు. పేజీ తిప్పిన చప్పుడు చేయలేదు.

మూడు వారాల్లో కథ ముగిసింది. కార్డు అందిన రెండో రోజు మధ్యాహ్నం, అనౌన్సరు గారు ఏదో మాట్లాడటానికి ఆఫీసుకి వచ్చి కూర్చుని ఉండగా ఆపరేటరమ్మ ఫోను చేసింది. టేపక్క రిసీవరు ఆయనకిచ్చి, తను టిఫిన్ డబ్బా విప్పుకుంది.

"ఆ చిన్న కూతురు వాళ్ళక్కతో మాట్లాడకుండా ఎలా వెళ్ళిపోతుందండీ? నాకు నచ్చలేదు" అని ఇవతలికి కూడా వినిపించింది.

"అది కాదమ్మా, ఆ పిల్ల స్వభావం చూడండి..."

"స్వభావం నాకు చెప్పకండి. రెండుసార్లు విన్నాను."

ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుని, మళ్ళీ మొదటి నుంచి తన వైపు వాదన చెప్పడం మొదలుపెట్టాడు. టేపక్క అన్నం తిని, డబ్బా కడిగి బోర్లించి వచ్చేసరికి కూడా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.